హైందవి ప్రాక్టీసుకు రానన్నది

ఏవండీ,

పప్పు కుక్కర్‌లో ఉంది, వేడి చేసుకోండి. కొత్త కుక్కర్‌లో ఎంత బాగా కుదిరిందో! ఆ మురిపెంతోనే సీరియల్ పెట్టుకున్నాను.

అందులోని మన కబడ్డీ కోచ్ దుర్మార్గుడండీ! మనం అబద్ధాలకోరని తిట్టుకున్న ఆ పిల్ల చెప్పిందంతా నిజమే. ఆడపిల్లల మీద చేతులు వేసేవాడట.

మొన్న మీ చెల్లి హైందవి కూడా "వదినా, ఆ సార్ ఉంటే నేను ప్రాక్టీసుకు పోను" అంది కదా. బద్ధకమని నవ్వాం. స్వీట్ల డబ్బాతో తీసుకెళ్ళి, ఆయన కాళ్ళకు దండం పెట్టించి, తనచేత సారీ చెప్పించాం.

మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే మీటింగ్ అన్నారు. ఆటోలో ఖైరతాబాద్ గ్రౌండుకు వెళ్తున్నాను, హైందవిని తీసుకొచ్చేస్తాను. నాది ఉత్త భయమైతే జన్మంతా ఏడిపించండి.

సంహిత

తను రాగానే ఏమీ అడక్కండి. తనంతట తను చెబితే మాత్రం, ఈసారి నవ్వకండి.