చెమట ఆగిన రోజు

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ ఉదయం జగిత్యాలలో మా కాలేజీకి వ్యాయామ శిక్షకుడొకరు వచ్చారు. ఎండలో మా చేత గుంజీలు తీయిస్తూ, "చెమటను తిట్టుకోకండి, ప్రతి చుక్కనూ గమనిస్తూ ఆస్వాదించండి" అన్నారు. నాకు ఒళ్లు మండింది. గాలికి పోగులు తెగుతాయని ఫ్యానైనా పెట్టని సిరిసిల్ల మరమగ్గాల షెడ్డులో, సాంచాల నడుమ ఇరవై ఏళ్లు తడిసిన నీ బనియన్‌ను ఏ ఆనందమనాలి?

ఆయన తడబడాలనే లేచి అడిగాను: "సార్, చెమట ఆగిపోతే ఏం చేయాలి?"

"అది వడదెబ్బ కావచ్చమ్మా. వెంటనే ఒళ్లు చల్లబరిచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి," అన్నారాయన తడుముకోకుండా.

"అందుకోవే, సార్‌ను ఇడ్వకు!" అని వెనక నుంచి స్నేహితురాలు పొడిచింది. నేను కూర్చుండిపోయాను.

నిరుడు నువ్వు పోయిన రోజు మధ్యాహ్నం షెడ్డుకు సద్ది తెచ్చి, నీ వీపు తాకి, "బాపూ, ఇయ్యాల చెమటలే పడ్తలేవు, జర నయమే గదా" అన్నది నేనే. "అవ్ బిడ్డా, పానం తేలికైంది" అని నవ్వి నువ్వు మళ్లీ సాంచా దగ్గరికి నడిచావు.

ఇన్ని పుస్తకాలు చదివి, ఇన్ని వాదాలు గెలిచి, నిన్ను అటు పోనిచ్చాను. ఆయన మీద కోపం మధ్యాహ్నానికే చల్లారింది బాపూ. నా మీదది చల్లారడం లేదు.