కొత్త కెప్టెన్

కమలా,

నిన్న నీ తిథి. నీ పటం ముందు ఆకు వేసి, నీకు ఇష్టమైనవన్నీ వడ్డించాం. మన అమ్మాయి ఇదీ అమ్మకు ఇష్టమేనంటూ టీవీ పెట్టింది. ఏళ్ల తరబడి మనిద్దరం తమిళంలో చూసిన అంతరిక్ష నౌక సీరియల్ మళ్లీ మొదలైంది. కెప్టెన్‌గా వేరే నటి వచ్చింది. అభిమానులు రెండుగా చీలి తిట్టుకుంటున్నారు. మనింట్లోనూ అంతే.

"పాత కెప్టెన్ లేని సీరియల్ ఎందుకు బావా? ఆపేయ్," అన్నాడు అన్నూరు నుంచి వచ్చిన మీ తమ్ముడు.

"సుమ్మా ఉండు మామా, ఊరుకో. ఒక మనిషి పోతే ఓడ నిలిచిపోతుందా?" అంది అమ్మాయి. అనేసి, నా ముఖం చూసి, టీవీ ఆపేద్దామని రిమోట్ అందుకుంది.

"ఉండనీమ్మా," అన్నాను.

చివరిదాకా చూశాం. కొత్త కెప్టెన్ నాకు నచ్చలేదు. శుక్రవారం రెండో భాగం వస్తుందట. చూస్తాను.