ఎవరి తాతలు చెప్పిన మాట

నాన్నకి,

పెద్దమ్మాయి వందనాలు చేసి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ అల్లుడు, చిన్నది కులాసాగా ఉన్నాం. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందనీ, మీరు మళ్ళీ పొద్దున్నే నడకకు వెళ్తున్నారనీ చదివి మనసు తేలికపడింది. మఫ్లరు మర్చిపోకండి. మర్చిపోతారని తెలిసే రాస్తున్నాను.

మనవరాలు ఏం చేస్తోందని అడిగారు. ఏం చేయడం లేదో అడిగితే జవాబు చిన్నదయ్యేది. మా ప్రెస్సులో ప్రూఫులు దిద్దే యూదు పెద్దాయన ఉన్నారే, మేమంతా భూతద్దం తాత అంటాం, ఆయన దానికి అబ్రాహాము చిన్ననాటి కథ ఒకటి చెప్పారు. మన లేఖనంలో లేదు, వాళ్ళ పెద్దలు చెప్పుకునేది. తండ్రి కొట్లో విగ్రహాలన్నీ పగలగొట్టి, కర్ర తీసుకెళ్ళి పెద్ద విగ్రహం చేతిలో పెట్టి, ఇదంతా దీని పనే అన్నాడట. మర్నాడు మా వంటగదిలో గాజు గ్లాసు పగిలింది. వెళ్ళి చూస్తే గుడ్డ ఏనుగు తొండానికి గరిటె కట్టి ఉంది. మీ అల్లుడు ఏనుగునే మందలించి ఊరుకున్నారు.

ఆ పెద్దాయనతో నీకెలా పొసగుతోంది అన్నారు. రోజూ పోట్లాటే, అందుకే బాగా పొసగుతోంది. నోవహు గురించి పొద్దున్న మొదలుపెడితే భోజనాల వేళకి గానీ తెమలదు. ఆ ఓడ మన రక్షణకి గుర్తని నేనంటాను. "ముందు ఆ మనిషి సంగతి తేల్చమ్మా. నిజంగానే మంచివాడా, చుట్టూ అందరూ చెడ్డవాళ్ళు కాబట్టి మంచివాడిలా కనబడ్డాడా? మా పెద్దల మధ్యే ఇంకా తెగలేదు" అంటారాయన. ఈలోగా టీ చల్లారిపోతుంది.

ఇక, రెండు ఉత్తరాలుగా నేను దాటేస్తూ వచ్చిన సంగతి.

మేం చేస్తున్న పుస్తకంలో ఒక్కో కథకీ ఒక పక్క యూదు పెద్దల వివరణ, ఇంకో పక్క మన పెద్దల వివరణ ఉంటాయని మీకు తెలుసు. బాగా తెలిసిన మాట మీద కన్ను నిలవదని తాత నమ్మకం. అందుకని వాళ్ళ వైపుది నేను చదవాలి, మన వైపుది ఆయన చదవాలి. ఎవరు చదివారో గుర్తుండేందుకు పైన పెన్సిలుతో, పేర్లకు బదులు సరదాకి, ఆయన చదివినదానికి 'యూదు' అనీ, నేను చదివినదానికి 'క్రైస్తవ' అనీ రాసుకుంటాం. మొదటి మనిషి కథ ఉన్న పేజీ కట్టేటప్పుడు హడావిడిలో నేను ఆ పెన్సిలు రాతలనే శీర్షికలుగా పెట్టేశాను. ముందుమాట రాయడానికి మీకు మచ్చుకి పంపింది సరిగ్గా ఆ పేజీనే.

దేవుడు మొదట ఒక్క మనిషినే చేసింది, మా తాత మీ తాతకన్నా గొప్ప అని రేపు ఎవరూ అనకుండా ఉండేందుకు అన్న మాట మనవాళ్ళది కాదు నాన్నా, వాళ్ళది. హవ్వను తలలోంచో పాదంలోంచో కాక పక్కటెముక నుంచి తీసింది, ఆదాము పక్కన నిలవాలని అన్నది మనది. "వాళ్ళది కూడా ఫరవాలేదు గానీ మనదాని ముందు తేలిపోయింది" అని మీరు రాసింది మన పెద్దల గురించే. ముందుమాటలో "ఇంత గొప్ప మాట మన పెద్దలే అనగలరు" అని రాసింది వాళ్ళ పెద్దల గురించి.

నవ్వొస్తోంది గానీ లోపల భయంగా ఉంది. మీరు ఓ ఆదివారం చర్చిలో ఆ మాట మీదే ప్రసంగం చేశారు. చర్చికి స్థలమిచ్చింది మా తాత అని ఒకరు, గోడలు కట్టించింది మా తాత అని ఒకరు, ఏడేళ్ళుగా ఎడమొహం పెడమొహంగా ఉన్న రెండు కుటుంబాలూ ఆ రోజు ఒకే బెంచీ మీద కూర్చున్నాయని రాశారు. అది చదివాకే ఈ సంగతి దాటేస్తూ వచ్చాను. ఇప్పుడీ సంగతి బయటపడితే వాళ్ళు మీ మీదకి వస్తారేమో, మళ్ళీ బెంచీలు వేరవుతాయేమో. ముందుమాటలో ఆ ఒక్క వాక్యం చెరిపేస్తే ఎవరికీ తెలియదు. చెయ్యి కంప్యూటరు మీద చెరిపే మీట దాకా వెళ్ళింది కూడా. మీ చేతిరాత పక్కనే ఉంది. నా వల్ల కాలేదు.

నిన్న తాతకి అంతా చెప్పేశాను. 'తేలిపోయింది' అన్నచోట కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. బెంచీ సంగతి చెప్పాక మాత్రం కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

"ఈ మాట మేం చిన్నప్పట్నుంచీ చదువుతున్నాం. కొట్టుకునేవాళ్ళిద్దర్ని ఈ మాటతో ఒక బెంచీ మీద కూర్చోబెట్టినవాణ్ణి నేను చూళ్ళేదు" అన్నారు.

"నాన్న ఇప్పుడేం చెప్పాలి తాతా?"

"ఉన్నదే చెప్పాలి. ఎవరైనా లేచి, ఇది ఎవరి తాతలు అన్న మాట అని అడిగారనుకో, వాళ్ళు సరిగ్గా వినలేదన్నమాట. ప్రసంగం మళ్ళీ మొదట్నుంచీ చెప్పమను."

శీర్షికలు సరిచేసేశాను. అందుకు మిమ్మల్ని అడగలేదు, తప్పు నాది కాబట్టి. ముందుమాట మాత్రం ముట్టుకోలేదు. సోమవారం మొదలవ్వాల్సిన అచ్చు, మీ జవాబు వచ్చేదాకా ఆపమని యజమానిని బతిమాలాను. ఆ వాక్యం మీ చేత్తోనే మార్చి పంపండి. కోప్పడాలనిపిస్తే కోప్పడండి, కానీ ఆ ఆదివారం మీరు చెప్పిన మాట అబద్ధం కాలేదని నా నమ్మకం. అమ్మని అడిగానని చెప్పండి.

ఇట్లు,
ఊరందరి తప్పులూ దిద్ది, తన తప్పు మీకు పోస్టు చేస్తున్న
మీ పెద్దమ్మాయి