ఇరవై నిమిషాలకొకసారి పడే చూపు

కార్యాలయ అధికారి గారి సముఖమునకు, రికార్డు గది గుమాస్తా విన్నవించుకొనునది.

అయ్యా,

విషయం: కంప్యూటరు ఆపరేటరు నాపై నిఘా వేయుట, ఆమె కుర్చీని వేరొక దిక్కునకు త్రిప్పించుట గురించి.

1. సదరు ఆపరేటరు ప్రతి ఇరవై నిమిషములకు తెర మీది నుండి తల ఎత్తి, ఇరవై అడుగుల దూరములోనున్న నా బల్ల వైపు ఇరవై సెకన్లపాటు కన్నార్పక చూచుచున్నది. కారణమడుగగా, "కళ్లకి విశ్రాంతి బాబాయ్ గారూ, మధ్యమధ్యలో దూరంగా చూడమన్నారు డాక్టరు గారు" అన్నది. దూరముగా చూచుటకు కిటికీ లేదా అంటే, కిటికీకి అడ్డంగా బీరువా పెట్టించినది నేనేనట. అది వేరే విషయము.

2. ఆమె చేరినది మొదలు అక్షరములు చిన్నవైనవి. తెరపైనే కాదు, రిజిస్టర్లలోనూ, చివరకు మా ఇంట్లో మందుసీసాల మీద కూడా. దీని వెనుక ఎవరున్నారో తమరే విచారించవలెను.

3. తెరను పసుపుపచ్చగా మార్చి, కంటికి హాయి అనుచున్నది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన అంటారు. ఇక్కడ లోకాన్నే పచ్చగా చేసి పెట్టారు.

4. నేను ఫైలు తెరవగానే, "నంబరు నేను చెప్తాలెండి" అని పరుగెత్తుకొచ్చుచున్నది. నాకు చదువు రాదా?

మా ఆవిడతో చెప్పుకుంటే, "ఈ వయసులో మిమ్మల్ని చూసేదెవరండీ, ఓసారి అద్దంలో చూసుకోండి" అంది. ఇంట్లోనూ నమ్మేవాళ్లు లేరు.

వచ్చే నెల ప్రతి బల్లకూ తెర వస్తుందనీ, ముందుగా కంటి పరీక్ష ఉంటుందనీ విన్నాను. పక్క సెక్షను గుమాస్తాకు కళ్లు ఆనడం లేదని గోడౌనుకు పంపేశారు. నా కళ్లకు ఏ లోటూ లేదు. వీధి చివర బస్సు నంబరు ఆఫీసు గుమ్మంలోంచే చెప్పగలను. ముప్పై ఏళ్లుగా ఏ కాగితం ఎక్కడుందో చెబుతున్నవాణ్ణి, గోడౌనులో నాకేం పనండీ? ఈ పిల్ల నా మీద ఏం రాసి పంపుతోందోనని భయంగా ఉంది.

అర్జీలు టైపు చేసి ఇవ్వాలని తమ ఆదేశము. టైపు వచ్చినది ఆమె ఒక్కతే. దొంగ చేతికే తాళాలిచ్చినట్టయింది. అందుచేత మూడుసార్లు చదివించుకొని విన్నాను. ఆమె కుర్చీ త్రిప్పించి నన్ను నా గదిలోనే ఉండనిచ్చునట్లు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కళ్లు బాగానే ఉన్న రికార్డు గది గుమాస్తా

తా.క. అయ్యా, నేను ఆపరేటరును. బాబాయ్ గారు చెప్పినదాంట్లో ఒక్క మాట మార్చలేదు. ఆయన కాగితాన్ని చెయ్యి చాచినంత మేరా చాచి, అదీ చాలక కుర్చీ వెనక్కి జరుపుకుంటారు. నేను చూసేది అదే. బహుశా ఒక కళ్లజోడు సరిపోతుంది. పరీక్షకు ముందే మీరు పిలిచి డాక్టరు దగ్గరకు పంపండి, గోడౌనుకు మాత్రం పంపకండి. ఆయన లేకపోతే ఈ గదిలో మాకు ఒక్క కాగితమూ దొరకదు. నేను చెప్పానని ఆయనకు తెలియనివ్వకండి.

ఇది కొడుతుండగా ఆయన నా పక్కనే నిలబడి తెర వైపే చూస్తున్నారు. "అర్జీ అయిపోయిందిగా, ఇంకా ఏమిటమ్మా ఆ టకటక?" అని అడిగారు. తేదీ వేస్తున్నానన్నాను.

"సరిగ్గా వెయ్యి. నేను చూస్తూనే ఉన్నాను" అన్నారు.