మూలబల్ల కింది పలక

శనివారం రాత్రి, మణుగూరు

కంప్యూటర్ బల్ల వచ్చింది. నేను గీసి, చెరిపి, మళ్లీ గీసిందంతా వృథా అయింది.

ఈ క్వార్టర్‌లో మిగిలింది కిటికీ పక్కన ఆ ఒక్క మూలే. మా ఆయన చక్రాల కుర్చీ తిన్నగా లోపలికి పోవాలని బల్ల కింద సొరుగులు, అడ్డచెక్కలు ఏవీ వద్దన్నాను. వడ్రంగి ఖాజా భాయ్ మాత్రం కాళ్లు పెట్టుకునే పలక ఒకటి అడ్డంగా బిగించి తెచ్చాడు. కుర్చీ దానికి తగిలి ఆగిపోయింది.

"ఏంది భాయ్, గిట్ల చేసినవ్? వద్దని చెప్పిన కదా," అన్నాను.

"అన్ననే ఫోన్ చేసి పెట్టుమన్నడమ్మా."

భాయ్ వెళ్లాక అరిచాను. గనిలో నడుం విరిగినప్పటి నుంచి ఆయన మీద గొంతు పెంచడం ఇదే మొదలు.

"ఎప్పటికీ గీ కుర్చీలనే కూసుంటనా? నడిచినంక మామూలు కుర్చీ ఏసుకుంట," అన్నాడు.

ఆయన నడుస్తాడని డాక్టర్ అనలేదు. నడవడనీ అనలేదు.

సోమవారం నుంచి ఆయనకు ఇంట్లోనే ఆన్‌లైన్ పని. సాయంత్రమంతా బల్లకు పక్కగా కూర్చుని, కీబోర్డు ఒళ్లో పెట్టుకుని, మెడ తిప్పి తెర చూస్తూ టైపింగ్ చేశాడు. మెడ నొస్తోందా అంటే లేదన్నాడు.

పలకను బిగించింది స్క్రూలతోనే. విప్పడం నాకు చేతనవును. కానీ విప్పితే, నువ్విక నడవవని నా నోటితో చెప్పినట్టే. ఇందాక స్క్రూడ్రైవర్ తీసి, మళ్లీ డబ్బాలో పెట్టేశాను. కోపం మాత్రం తగ్గడం లేదు. ఎవరి మీదో నాకే తెలియడం లేదు.