వానకు పూచీ ఎవరు

1958, శ్రావణ శనివారం, రాత్రి

ఇల్లు చేరినా. వేళ్లు ఇంకా హార్మోనియం మీదే ఆడతాన్నట్టుండాయి.

కళ్యాణదుర్గం అవతల ఆ ఊర్లో వానకోసం పెట్టిన ఏడు దినాల భజన ఈ పొద్దున ముగిసింది. చినుకు రాలలేదు. పెట్టె సర్దుకుంటాంటే ఊరిపెద్ద నారాయణరెడ్డి అడ్డమొచ్చినాడు. "యాడికప్పా? వాన పడేదాకా వాయించల్ల. మీ ఏజెంటు అట్లనే ఒప్పుకున్నాడు."

భజనలకు మమ్మల్ని కుదిర్చే ఏజెంటు సుబ్బన్న నాతో ఏడు దినాలనే చెప్పినాడు. ఎల్లుండి ఇంకో ఊరికి కూడా నన్ను ఒప్పుకొని ఉన్నాడు.

అంతలో నన్ను పిల్చుకపోనీకి ఆయప్పే బస్సు దిగినాడు. జనం చుట్టుకుంటే జంకకుండా, "వాన పడతాదని నేను చెప్పింది నిజమే. ఈయన మనసు పెట్టి వాయించలేదు" అనేసినాడు. నాకు ఒళ్లు మండింది. ఎదురు చెప్తే రేపట్నుంచి పని చెప్పడు. అయినా చెప్పినా. "అన్నా, ఏడు దినాలు వాయిస్తానంటి, వాయిస్తి. వాన మాట నేనియ్యలేదు."

రెడ్డి కొంచేపు గడ్డం గోక్కున్నాడు. "వాయిస్తానన్నోడు వాయించినాడు, పోనీండి. వాన పడతాదన్నోడు ఈడే ఉండల్ల" అన్నాడు. సుబ్బన్న చేతికి చిడతలిచ్చి భజనలో కూర్చోబెట్టినారు.

అనంతపురంలో బస్సు దిగేటప్పటికి కళ్యాణదుర్గం పక్క మెరుస్తాండె. పడనీ, చెనిక్కాయ పంట బతుకుతాది. పడితే మాత్రం సుబ్బన్నను పట్టేవాళ్లుండరు.

ఎల్లుండి పోయే ఊరికి ఏమని మాటిచ్చినాడో, అది అడగనేలేదు నేను.