వర్రుల కొండ తెరిచాం

ఇమూనా తల్లికి,

మీ అమ్మ ముద్దులు. ఇక్కడ అందరం తిని తిరుగుతూ బాగానే ఉన్నాం. ఆలిస్ పట్నం ఆసుపత్రిలో ఆ రక్తం కడిగే మిషన్ పక్కన నువ్వూ ధైర్యంగా ఉన్నావనే అనుకుంటున్నాను. కంగారూ తోక పంపమన్నావు. డాక్టరమ్మ ఒప్పుకుంటుందో లేదో అడిగి రాయి, బూడిదలో కాల్చి బస్సుకిస్తాను. నా దగ్గు తగ్గింది. మోకాలు మాత్రం నా మాట వినదు.

"మన వర్రులు ఎలా ఉన్నాయమ్మా, కొండ తెరిచారా?" అని రెండు ఉత్తరాల్లో అడిగావు. మొన్న బుధవారం తెరిచాం. చిట్టి కంగారూల్లాంటి ఆ వర్రుల్ని తినేసే నక్కలకి విషపు మాంసం పెడుతూ మీ నాన్న ఆ రాళ్ళ మీదే ఒరిగిపోయి ఇది మూడో చలికాలం. మనిషి పోయిన చోటు మూసెయ్యడం మన ఆచారమే. కొమ్మలతో ఆయన అడుగుజాడలు తుడిచి, పొగ పెట్టాకే మళ్ళీ అక్కడ జనం తిరగాలి. అదీ భార్యగా నేను ఊఁ అంటేనే.

మీ పిన్ని కూతురు తాపయా ఉందిగా, ఇప్పుడు కొండ కాపలా జట్టుకి అదే పెద్ద. "పెద్దమ్మా, కొండకి తాళమేసి చెవి మింగేశావా ఏంటి?" అని ఎన్నాళ్ళనుంచో దెప్పుతోంది. ఆ రోజు మాత్రం నా చెయ్యి పట్టుకుని ఎక్కించింది. పైన వర్రుల పెంటికలన్నీ తెల్లబడిపోయాయి. వేళ్ళ మధ్య నలిపితే పొడైపోయాయి. మీ నాన్న లెక్కకి పద్నాలుగు ఉండేవి. కంగారూల మరదళ్ళు అని వాటిని ఆటపట్టించేవాడు, గుర్తుందా? అలికిడికి రాయి మీంచి రాయి మీదకి ఎగిరే తోక ఒక్కటంటే ఒక్కటి కనబడలేదు. తాపయా ఒక పగులు దగ్గర కూలబడి, "ఆలస్యం చేశాం పెద్దమ్మా" అని ఏడ్చింది. చేశావు అనలేదు, చేశాం అంది.

ఇమూనా, ఇక దాచలేను. ఫోన్‌లో నోరు రాక రాస్తున్నాను. మీ బాబాయిల దుఃఖం తీరలేదు, వాళ్ళే తెరవనివ్వడం లేదు అని నీకు రాశానే, అది అబద్ధం. మొదటి చలికాలం దాటగానే వాళ్ళే వచ్చి, "వదినా, ఇక చాలు. వర్రులకి కాపలా లేదు, తెరువు" అని బతిమాలారు. కాదన్నది నేనే. అడిగినవాళ్ళకల్లా ఆచారం అన్నాను. ఆచారం కాదే తల్లీ, స్వార్థం. పైన రాతిచూరు కింద, గాలి దూరని చోట, దుమ్ములో మీ నాన్న జాడలు చెరగకుండా ఉంటాయని నాకు తెలుసు. ఎడమ మడమ లోపలికి వాలిన ఆ అడుగు ఉంది చూడు, అది. కొండ తెరిస్తే దాన్ని తుడవాలి. నావల్ల కాలేదు. వర్రులకేం, బోలెడు రాళ్ళున్నాయి, దాక్కుంటాయిలే అనుకున్నాను. జుట్టు నెరిసింది గానీ బుద్ధి రాలేదు.

జాడ అక్కడే ఉంది. దాని మడమ మీద నక్క అడుగు పడి ఉంది. ఒకసారి కాదు, వస్తూ పోతూ తొక్కింది. నేనే కొమ్మ తీసుకుని తుడిచాను.

దిగేటప్పుడు ఉత్తరం వైపు పగుల్లో తాజా జాడలు దొరికాయి. ఒక తల్లి వర్రు, దాని వెనకే ఒక పిల్ల. అంతే. తాపయా విషపు మాంసం మళ్ళీ పెట్టించింది గానీ, దానికీ నమ్మకం లేదు. వాటిని పట్టి, దూరాన కంచె వేసిన చోటికి చేరుద్దామంటోంది. చేరిస్తే ఆ రెండూ బతుకుతాయి, కొండ ఖాళీ అయిపోతుంది. తాతల నాటి నుంచి వర్రు లేని రోజు ఆ కొండకి లేదు. అందరూ నా మొహం చూశారు. "నన్నడక్కండి. కొండ ఇమూనా వాళ్ళ నాన్న వైపుది. దాన్నే అడగండి" అన్నాను.

సోమవారం తాపయా నీకు ఫోన్ చేస్తుంది. ఉంచమంటావో, తీసుకుపొమ్మంటావో నువ్వే చెప్పు. అమ్మ బాధపడుతుందేమోనని మాత్రం ఆలోచించకు. నా బాధ చూసుకునే, మీ నాన్న కాచిన వర్రుల్ని నక్కకి పెట్టాను.

ఇట్లు,
నీకు అబద్ధం రాసిన
మీ అమ్మ